బట్టలు కొనే యావ నుంచి చేతిపని వైపు మళ్లడం ఎలా?

ఆషాఢం తగ్గింపులు, శ్రావణ శుక్రవారాలు, దసరా ఆఫర్లు, సంక్రాంతి కొత్త బట్టలు అంటూ మన ఇళ్లలో ఏడాది పొడవునా కొనడానికి ఏదో ఒక సందర్భం ఉంటూనే ఉంటుంది. అవసరం లేదని తెలిసీ, బీరువాలో చోటు లేదని తెలిసీ చీరలో కుర్తాలో కొంటూ, కొన్న తర్వాత బాధపడేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇలా కొనేవారిలో చాలామందికి రంగులంటే, నేత అంటే, అంచులంటే నిజమైన ప్రేమ ఉంటుందని నా నమ్మకం. ఆ ప్రేమకు మరో దారి లేక అది కొనుగోళ్ల వైపు పోతోంది కనుక, బట్టతోనే ముడిపడిన చేతిపని దానికి తగిన మార్గమవుతుంది.

1. కోరిక ఎప్పుడు కలుగుతోందో రాసుకోండి

రెండు వారాల పాటు, కొనాలనిపించిన ప్రతిసారీ సమయం, అప్పటి మనఃస్థితి, ఏది చూసి ఆశ పుట్టిందో ఒక పుస్తకంలో రాయండి. రాత్రి అందరూ పడుకున్నాకా, ఆఫీసులో మాట పడిన రోజునా, జీతం వచ్చిన రోజునా అన్నది తేలితే, చేతిపనిని ఏ వేళకు సిద్ధంగా ఉంచుకోవాలో కూడా తేలుతుంది.

2. కొనడాన్ని కష్టతరం చేయండి

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాల యాప్‌లు మీ కార్డు నంబరును తమ వద్ద దాచుకోకూడదు. అయినా మీ అనుమతితో దాని బదులు టోకెన్ అనే ఒక సంకేత సంఖ్యను ఉంచుకుంటాయి. యాప్‌లో దాచిన కార్డులన్నీ తొలగిస్తే, ప్రతిసారీ అంకెలన్నీ కొట్టవలసి వస్తుంది. యూపీఐని కొద్దిపాటి సొమ్ము మాత్రమే ఉంచే ఖాతాకు కలపండి. చీరల వాట్సాప్ గ్రూపుల నుంచి బయటకు రండి. డబ్బు తర్వాత కదా అనే ధీమాతో ఆర్డరు పెట్టించే క్యాష్ ఆన్ డెలివరీని పూర్తిగా మానండి.

3. పాత అభిరుచిని బీరువాలోనే వెతకండి

బట్టలన్నీ మంచం మీద పరచండి. పేరంటాలలో, వ్రతాలలో వచ్చి ఎన్నడూ కుట్టించని జాకెట్టు ముక్కలు, వెలిసిపోయిన నూలు చీరలు తప్పకుండా బయటపడతాయి. మీ ముడిసరుకు అదే. చిన్నప్పుడు ఏది చేస్తూ భోజనానికి పిలిచినా లేచేవారు కాదో గుర్తు చేసుకోండి. అది రుమాళ్ల మీద గొలుసు కుట్టు (చైన్ స్టిచ్), కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) వేయడం కావచ్చు, క్రోషా అల్లిక కావచ్చు, నోటుపుస్తకం నిండా ముగ్గులు దించుకోవడం కావచ్చు.

ముగ్గులు వేసినవారికి ఒక మంచి దారి ఉంది. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, రెండు వైపులా 8 వరకు తగ్గించుకుంటూ వచ్చే సందు చుక్కల ముగ్గును పెన్సిలుతో జాకెట్టు ముక్క మీద గీసి, ఆ గీతల వెంబడి కాడ కుట్టు వేయండి. ఎంబ్రాయిడరీ దారపు లచ్చీలో సాధారణంగా 6 పోగులుంటాయి; సన్నని గీతకు 2, దిట్టమైన గీతకు 3 పోగులు విడదీసి వాడితే చాలు. నూలు చీరలున్నవారు వాటిని పొరలుగా పరిచి, ఆ పొరలన్నీ కలిసేలా దగ్గరదగ్గరగా సూటి కుట్లు వేసి బొంత కుట్టవచ్చు. మన అమ్మమ్మలు కుట్టిన బొంతలను మించిన రంగుల పాఠం నాకు మరొకటి కనిపించలేదు, ఎందుకంటే ఏ చీర పక్కన ఏ చీర ఒదుగుతుందో ఎంచుకోవడంలో, దుకాణంలో చీర ఎంచుకునేటప్పటి ఆనందమంతా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ వంటి పనులను మాత్రం కొంతకాలం వాయిదా వేయండి. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టడం, ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు తీయడం గురువు దగ్గర నేర్చుకోవలసిన విద్యలు.

4. సామగ్రి కొనుగోలే కొత్త వ్యసనం కాకుండా చూడండి

ఒక సూదుల పొట్లం, ఒక ఫ్రేము, నాలుగైదు రంగుల దారం మాత్రమే కొనండి. చేతిలో ఉన్న పని పూర్తయ్యేవరకు మరో దారపు లచ్చీ కూడా వద్దు.

5. కోరిక కలిగిన క్షణంలో చేతికి అందేలా ఉంచండి

పనిని మడిచి అటక మీద పెడితే ఎప్పటికీ బయటకు రాదు. సూదికి దారం ఎక్కించి, ఫ్రేములో బట్ట బిగించి, ఫోను ఛార్జింగు పెట్టే చోటే ఉంచండి. కొనాలనిపించినప్పుడు అరగంట కుట్టండి. ఆ తర్వాత కూడా ఆ చీర కావాలనిపిస్తే పేరు రాసి పెట్టుకుని, వారం తర్వాత ఆలోచించండి.

6. అప్పుల దాకా వెళితే వైద్యసహాయం తీసుకోండి

ఇంట్లో దాచడం, అప్పు చేసి కొనడం, ఎంత ప్రయత్నించినా ఆగలేకపోవడం ఉంటే చేతిపని ఒక్కటే సరిపోదు. అదుపులేని కొనుగోళ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ కూడా ప్రేరణల నియంత్రణకు సంబంధించిన రుగ్మతల కింద ప్రస్తావిస్తుంది కనుక, దీన్ని గుణలోపంగా భావించి సిగ్గుపడవలసిన పని లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.