షుగర్ ఉన్నవాళ్లు చిగుళ్లను ఎలా కాపాడుకోవాలి?

షుగర్ ఉన్నవాళ్లు కళ్లు, కిడ్నీలు, పాదాలు చూపించుకుంటారు. చిగుళ్ల సంగతి మాత్రం పన్ను కదిలేదాకా చాలామందికి గుర్తురాదు. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్లు త్వరగా పాడవుతాయి. చిగుళ్లు వాచి ఉంటే షుగర్ ఓ పట్టాన దిగదు. వాపు వల్ల పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి, ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వవు. అందుకే ఈ రెండింటినీ కలిపి చూసుకోవాలి.

ముందు అద్దం దగ్గర నిలబడి చూసుకోండి. చిగుళ్ల మీద నల్లటి ఛాయ మనలో చాలామందికి పుట్టుకతో వచ్చేదే, దానికి కంగారు అక్కర్లేదు. ఎర్రగా ఉబ్బడం, తోముతుంటే రక్తం రావడం, వదలని దుర్వాసన, చిగురు పంటి నుంచి వెనక్కి జరిగి పళ్లు పొడుగ్గా కనిపించడం మాత్రం జబ్బు గుర్తులు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. ఈ జబ్బు చాలావరకు నొప్పి లేకుండానే ముదురుతుంది. సిగరెట్, బీడీ తాగేవాళ్లలో రక్తం కూడా అంతగా కనబడదు, ఎందుకంటే నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది.

ఇక తోముకోవడం. మెత్తటి బ్రష్‌ను చిగురు, పన్ను కలిసేచోట 45 డిగ్రీలు వాల్చి, చిన్నచిన్నగా కదుపుతూ రెండు నిమిషాలు తోమండి. ఉదయంతో పాటు రాత్రి పడుకునే ముందు కూడా తప్పదు. రక్తం వస్తోందని చాలామంది ఆ చోటు వదిలేస్తారు. నిజానికి పాచి పేరుకున్నది అక్కడే, కాబట్టి నెమ్మదిగానైనా అక్కడ తోమాల్సిందే. పళ్ల సందులకు ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దవద్దు.

పాచి గట్టిపడి గార అయ్యాక బ్రష్‌తో పోదు, డెంటిస్టు దగ్గర క్లీనింగ్ చేయించుకోవాలి. క్లీనింగ్‌తో పళ్లు వదులైపోతాయనే భయం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. అది నిజం కాదు. గార కింద ఎముక అప్పటికే కరిగి ఉంటే, గార తీశాక ఆ వదులు బయటపడుతుంది, అంతే. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు, కాబట్టి ఆలస్యం చేసేకొద్దీ నష్టం మనకే.

వెళ్లేటప్పుడు టిఫిన్ తిని, మందులు వేళకు వేసుకుని వెళ్లండి. తాజా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు, మందుల చీటీ చూపించండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు పెరుగుతాయి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. చిగుళ్ల చికిత్సతో అది సగటున 0.4 శాతం దాకా తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. మందుకు తోడుగా ఇది మంచి లాభమే, మందుకు బదులు మాత్రం కాదు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండెజబ్బులు కూడా ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ఒకదాని వల్లే మరొకటి వస్తుందని ఇంకా రుజువు కాలేదు.

చిగురు నుంచి చీము కారినా, బుగ్గ వాచి జ్వరం వచ్చినా ఇంటి వైద్యంతో రోజులు గడపకుండా అదే రోజు డాక్టర్‌ను కలవండి.