డాక్టరూ, పశువైద్యుడూ, నీళ్లు పరీక్షించేవాళ్లూ కలిసి పరిశోధన చేయాలంటే

మనుషులు, పశువులు, నీళ్లూ నేలా అన్నీ కలిపి చూసే పరిశోధన, అదే ఇప్పుడు అందరూ వన్ హెల్త్ అంటున్నది, హైదరాబాద్‌లో మొదలుపెట్టాలనుకుంటే ముందు సెమినార్ పెట్టకండి. ఒక చోటు ఎంచుకోండి.

ఉదాహరణకి మూసీ ఒడ్డు. నగరానికి దిగువన మురుగు కలిసిన ఆ నీళ్లతో పారా గడ్డి పెంచుతారు, దాన్ని గేదెలకి వేస్తారు, ఆ పాలు మన ఇళ్లకే వస్తాయి. లేదా పటాన్‌చెరు: 2007లో వచ్చిన అధ్యయనంలో, మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసి వదిలే చోట లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు!

ప్రశ్న చిన్నది పెట్టుకోండి. మందులకు లొంగని ఈ.కోలై, అంటే పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా, ఇక్కడి మనుషుల్లో, గేదెల్లో, నీళ్లలో ఎంతెంత ఉంది? చాలు. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ట్రైసైకిల్ పద్ధతి ఉంది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బ్యాక్టీరియాని పెంచే మీడియంలో కలిపే యాంటీబయాటిక్ సెఫోటాక్సిమ్, మూడు ల్యాబుల్లోనూ ఒకే మోతాదు. ఇక్కడ ఎవరి పద్ధతి వాళ్లదైతే తర్వాత ఎంత గింజుకున్నా లెక్కలు కలవవు.

కలిసి పనిచేసే నిపుణుల కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 2021లో మొదలైన వన్ హెల్త్ కన్సార్షియాన్ని, అంటే పరిశోధన సంస్థల కూటమిని, నడిపింది గచ్చిబౌలిలోని జంతు జీవసాంకేతిక సంస్థే, పశువైద్య విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో, పోషకాహార సంస్థ తార్నాకలో, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ హబ్సిగూడలో.

పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి అన్నిటికంటే ముందు అప్లై చేయండి, మనుషులకి వేరు, జంతువులకి వేరు. అంగీకార పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. గేదెలున్నవాళ్ల దగ్గరికి పాలు పితికే టైముకి మాత్రం వెళ్లకండి, ఎవరూ తలెత్తి చూడరు. ఫలితం మళ్లీ వెళ్లి చెప్పాలి, శాంపిల్ పట్టుకెళ్లి పత్తా లేకుండా పోయేవాళ్లంటే జనానికి ఒళ్లు మంట, అది న్యాయమే.

మూడు రకాల శాంపిళ్లూ ఒకే వారంలో తీయండి. నీళ్లకైతే స్టెరైల్ సీసా మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి ముంచాలి, ఒడ్డు పక్కన తోడేస్తే లాభం లేదు. వెంటనే ఐస్ బాక్సులో పెట్టి అదే రోజు ల్యాబుకి చేర్చేయండి. ముందురోజు వాన పడిందా లేదా రాసుకోండి, వాన పడితే అంకెలు తారుమారవుతాయి.

డేటా ఎవరి దగ్గరుంటుంది, పేపర్లో ఎవరి పేరు ముందు? ఇది మొదటి శాంపిల్ తీయకముందే కాగితం మీద పెట్టి అందరిచేతా సంతకాలు చేయించండి, మొహమాటపడకండి.