పొడవైన డ్రాపర్ పోస్ట్ కొనేముందు

ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్‌కి పొడవైన డ్రాపర్ సీట్‌పోస్ట్ (మీట నొక్కితే సీటుని పైకీ కిందికీ కదిపే గొట్టం) వేద్దామనుకుంటే, ముందు సీటు ట్యూబు, అంటే పోస్ట్ దూరే ఫ్రేము గొట్టం లోతు చూసుకోండి. కింద మోటారు, మధ్యలో సస్పెన్షన్ బోల్టో ట్యూబు వంపో అడ్డొస్తుంది. కోనసీమ వాణ్ణి కదా, నేను చీపురులోంచి కొబ్బరి ఈనె లాగి కొలిచాను. అది వంపులోంచి సుతారంగా దూరిపోయింది, లెక్క తప్పింది! పాత పోస్ట్‌నే ఆగేదాకా దించి కొలవడం నయం. దించేటప్పుడు హ్యాండిల్ వైపు నుంచి కేబుల్ మెల్లగా లాగుతూ ఉండాలి, లేకపోతే లోపల మడతపడుతుంది.

ట్రావెల్ (సీటు కదిలే దూరం) 170 నుంచి 200 మి.మీ.కి పెంచితే పోస్ట్ మొత్తం పొడవు దాదాపు 60 మి.మీ. పెరుగుతుంది, 30 కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వ్యాసం కూడా సరిపోవాలి: 30.9, 31.6, 34.9 మి.మీ.లలో మీది ఏదో పాత పోస్ట్ మీదే రాసి ఉంటుంది.

బిగించాక వెనక సస్పెన్షన్ షాక్‌లో గాలి తీసి, సీటు పూర్తిగా దించి, వెనక టైరుకి తగులుతుందేమో చూడండి. పోస్ట్‌ని పట్టి ఉంచే క్లాంపు మరీ బిగిస్తే పోస్ట్ పైకి రావడానికి మొరాయిస్తుంది. కాలవగట్టు బురదలో తిరిగొచ్చాక పోస్ట్ తుడవకపోయినా అంతే.