చర్నాకోల అల్లిక, 5వ పాఠం: పేటలు తగ్గించే ముందు తడిపిన తోలు సంగతి

గత పాఠంలో ఎనిమిది పేటలు, అంటే సన్నని తోలు పట్టీలు, కోసుకొని, లోపలి వత్తి మీద మూరెడు జడ అల్లి, దాన్ని పది రోజులు కొయ్యకు వేలాడదీసి చూడమని చెప్పాను. కందుకూరు, పొదిలి, ఆత్మకూరు, వెంకటగిరి ప్రాంతాల నుంచి తమ జడల ఫొటోలు పంపినవారిలో సగానికి పైగా ఒకే మాట రాశారు. అల్లిన నాడు పాము వీపులా నున్నగా ఉన్న జడ పదో రోజుకు వదులై, పేటకూ పేటకూ మధ్య నుంచి వత్తి కనిపిస్తోందన్నారు. ఈ పాఠంలో ఎనిమిది పేటలను ఆరుకు, ఆరును నాలుగుకు తగ్గించే పద్ధతి చెప్పవలసి ఉంది, చెబుతాను. కానీ మొదట్లోనే సందులు పడిన జడను కింద ఎంత జాగ్రత్తగా సన్నం చేసినా అది మోగదు కాబట్టి, ముందు ఆ సందుల సంగతి తేల్చుకోవాలి.

రాసిన ప్రతివారినీ రెండు ప్రశ్నలు అడిగాను: పేటను సాగదీసి కోశారా, కోసి సాగదీశారా? అల్లే ముందు తోలును నీళ్లలో వేశారా? మొదటి ప్రశ్నకు తప్పు జవాబు వచ్చిందంటే ఆ లోపం నా పాఠానిదే. సాగదీయడం గురించి ఒక్క వాక్యం రాసి, అది అందరికీ తెలిసినదే అనుకొని ముందుకు వెళ్లిపోయాను. ఇప్పుడు వివరంగా చెబుతాను.

మేక తోలు మూడడుగులకు మించి రావడం అరుదు. నాలుగడుగుల జడకు ఆరు ముప్పావు అడుగుల పేట కావాలి. ఏటవాలుగా నడిచే పేటకు జడ పొడవుకు ఒకటిన్నర రెట్ల పొడవు అవసరం, పట్టుకోవడానికి పైన ఒక జానెడు ఉండాలి. అందుకే తోలును చుట్టూ తిప్పుతూ, నత్తగుల్ల చుట్టలా అంచు నుంచి నడుమకు కోస్తాం. అలా కోసిన పేట కొంత దూరం వెన్ను పక్కగా, కొంత దూరం పొట్ట వైపుగా వస్తుంది. వెన్ను దగ్గర తోలు నారలు దట్టంగా ఉండి సాగవు, పొట్ట దగ్గర వదులుగా ఉండి బాగా సాగుతాయి. కొలతకు కోసిన తరువాత సాగదీస్తే పొట్ట భాగం సన్నబడిపోతుంది, వెన్ను భాగం అలాగే ఉంటుంది. ఒకే పేట ఒకచోట 7 మిల్లీమీటర్లు, మరొకచోట 5 అయినప్పుడు సన్నబడిన చోటల్లా సందు పడక మానదు. కాబట్టి మొదట 9 మిల్లీమీటర్ల వెడల్పున కోయండి. ఒక కొసను మేకుకు బిగించి, జానెడు జానెడు చొప్పున చేతితో పట్టి, తోలు ఇక రానని ఆగేదాకా లాగండి. నా చేతిలో రెండు మీటర్ల పేట ఒక జానెడు పెరగడం మామూలు. ఆ తరువాతే రంపెతో, అంటే తోలు కోసే కత్తితో, అసలు కొలతకు అంచు తీయాలి.

ఆ అసలు కొలత 7 మిల్లీమీటర్లే ఎందుకని పొదిలి నుంచి ఒకరు అడిగారు. వత్తి పై కొస లావు 12 మిల్లీమీటర్లు, దానికి పేట మందం 1 కలిపితే 13, చుట్టుకొలత సుమారు 41. ఎనిమిది పేటల్లో నాలుగు ఒక దిక్కుగా, నాలుగు ఎదురు దిక్కుగా నడుస్తాయి. 41ని నాలుగుతో భాగిస్తే 10 చిల్లర వస్తుంది. పేట నలభై ఐదు డిగ్రీల వాలులో పోతుంది కనుక దాన్ని 0.7తో గుణిస్తే 7 వస్తుంది. ఇదే లెక్క కింది కొసకు, అంటే 3 మిల్లీమీటర్ల వత్తి మీద నాలుగు పేటలకు వేస్తే సుమారు 4.5 వస్తుంది. పేట 7 నుంచి 4.5కు క్రమంగా తగ్గుతూ రావాలి. అంచుల చెక్కుడు గత పాఠంలో చెప్పినదే.

ఇక రెండో ప్రశ్న. నానబెట్టామని రాసినవారు చాలామంది. బకెట్లో రాత్రంతా ఉంచినవారు ఉన్నారు, గోరువెచ్చని నీళ్లు పోసినవారు ఉన్నారు, తడి జడను రేకుల కప్పు మీద ఎండలో ఆరబెట్టినవారు కూడా ఉన్నారు. అలా చేయమని నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు. అయినా ఎందుకు చేశారో నాకు తెలుసు. మన జిల్లాల్లో ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులు నడిచిన రోజుల్లో తొండం తోలునూ, కాడికి కట్టే పచ్చితోలు వారునూ నానబెట్టి బిగించేవారు. ఆ పని చూసిన పెద్దలు ఇప్పటికీ ఇళ్లలో ఉన్నారు, తోలంటే నీళ్లలో వేయవలసిందేనని వారు చెబుతారు. వారి మాట తప్పు కాదు. వారు చెప్పింది పచ్చితోలు గురించి, మన చేతిలో ఉన్నది ఊనిన తోలు, అంటే చెక్క రసంలో పదును చేసిన తోలు.

ఈ తేడా ఒకసారి మనసుకు పడితే మళ్లీ పొరపాటు జరగదు. పచ్చితోలు లందలో, అంటే తోళ్లు ఊనే తొట్టిలో, పడనిది, చెట్టు బెరడు నుంచి దిగే చెక్క రసం తాగనిది. అది నానితే మెత్తబడుతుంది, ఆరితే తనంతట తాను కుంచించుకొని కొయ్యలా గట్టిపడుతుంది. బిగించిన ముడిని ఆ కుంచించుకోవడమే మరింత బిగిస్తుంది. అందువల్ల దానికి నీళ్లు సహాయం చేస్తాయి. తంగేడు చెక్కతోనో, తుమ్మ చెక్కతోనో ఊనిన తోలులో ప్రతి నారకూ చెక్క రసం పట్టి, నారల మధ్య నూనె, కొవ్వు నిలిచి ఉంటాయి. దాన్ని నీళ్లలో వేస్తే నారలు ఉబ్బి పేట వెడల్పూ మందమూ పెరుగుతాయి. ఆ ఉబ్బిన పేటలతోనే మీరు జడ అల్లుతారు. అవి పక్కపక్కన ఒదిగి కూర్చున్నట్టు కనిపిస్తాయి, మీకు సంతోషం కలుగుతుంది. నీరు ఆరాక ప్రతి పేటా ఉబ్బు పోగొట్టుకొని సన్నబడుతుంది, జడ మాత్రం ఉబ్బిన కొలతలోనే నిలిచిపోతుంది. మిగిలిన ఖాళీయే మీ ఫొటోల్లోని సందు. అంతటితో ఆగదు. నీరు పైకి ఆవిరయ్యేటప్పుడు లోపలి కొవ్వును కూడా పైపొరకు లాక్కుపోతుంది, లోపలి నారలు ఎండి పెళుసుబారుతాయి. ఎండలో ఆరబెడితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆరు నెలల్లో అలాంటి జడ వంపు దగ్గర పగులుతుంది.

ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక జడ మీద నల్లటి మచ్చలున్నాయి. తోలు కుళ్లిందేమోనని పంపినవారు భయపడ్డారు. అది కుళ్లు కాదు. ఇనుప బకెట్లో నానబెట్టడం వల్ల చెక్క రసం ఇనుముతో కలిసి సిరాలా నల్లబడింది. పాతకాలపు సిరా కూడా ఇదే రీతిన చేసేవారు. ఆ మచ్చలు నీళ్లతో కడిగితే పోవు. ఇత్తడి గిన్నె వాడి ఉంటే మచ్చలు తప్పేవేమో గానీ సందులు తప్పేవి కావు, కాబట్టి పాత్ర మార్చి చూస్తామని ఎవరూ అనుకోవద్దు.

నా పదహారో ఏట నేనూ ఇదే చేశాను. మా నాయన ఆ జడను చేతిలోకి తీసుకొని, ఏమీ అనకుండా మొత్తం విప్పి, పేటలను నీడన ఆరబెట్టి, వారం తరువాత వాటికి కొవ్వు రాసి మళ్లీ నా చేతికిచ్చాడు. ఆ పేటల్లో ఐదే పనికి వచ్చాయి. మీ తడిసిన జడలను కూడా అలాగే విప్పండి. నీడలో నాలుగు రోజులు ఉంచి, కొవ్వు పట్టించి, మళ్లీ సాగదీసి, వెడల్పు కొలిచి చూడండి. పై కొస దగ్గరే 6 మిల్లీమీటర్ల కంటే సన్నబడినవాటిని పక్కన పెట్టండి, జడ చివర కట్టే కొస వారుకు పనికి వస్తాయి.

మరి పేట చేతిలో జారడానికి ఏం చేయాలి? స్నానపు సబ్బు ఒకటి తురిమి, గ్లాసుడు నీళ్లలో సన్నని సెగ మీద కరిగించి, అందులో సబ్బుకు రెండింతలు మేక కొవ్వు కలిపి చల్లార్చండి. వెన్నలాంటి ముద్ద తయారవుతుంది. దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టుకొని ఒక్కో పేటను ఆ వేళ్ల నడుమ నుంచి ఒకసారి లాగితే చాలు. అందులో ఉన్న కొద్ది నీరు తోలును ఉబ్బించదు, కొవ్వు నారలను జారనిస్తుంది, సబ్బు ఆ రెండింటినీ కలిపి ఉంచుతుంది. కొవ్వు ముట్టని ఇళ్లలో ఆముదం వాడవచ్చు, నేను చాలాసార్లు వాడాను. అయితే ఆముదం ఎక్కువైతే పేట జిగటబారి బిగువు నిలవదు. కార్తీక మాసపు వానల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. సముద్రం వైపు ఊళ్లలో ఆ రోజుల్లో తోలు గాలిలోని తేమనే తాగి బూజు పడుతుంది.

తోలు ఎంపిక గురించి వెంకటగిరి నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. నెల్లూరు గొర్రె తోలు మన దగ్గరే దొరుకుతుంది కదా, మేకతోలే ఎందుకని అడిగారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే ఉంటుంది. కనుక దాని తోలు ఉన్ని గొర్రెల తోలు కంటే దట్టమైనదే. అయినా మేక తోలుతో పోలిస్తే అది ఎక్కువ సాగుతుంది. నేను దాన్ని లోపలి వత్తికి వాడతాను, పైజడకు వాడను. ప్రపంచంలో కొరడాలు అల్లేవారు అన్నిటికంటే మెచ్చేది ఆస్ట్రేలియా కంగారూ తోలు. దానిలో నారలు తోలు పైపొరకు సమాంతరంగా పరుచుకొని ఉండటం వల్ల పలుచగా చెక్కినా త్వరగా తెగదు. మనకు అందుబాటులో ఉన్నవాటిలో ఆ గుణానికి దగ్గరగా వచ్చేది వెన్ను భాగపు మేకతోలే. కోసిన అంచు లోపలి దాకా గోధుమ రంగులో ఉంటే అది చెక్కతో ఊనినది. అంచు నీలి బూడిద రంగులో కనిపిస్తే క్రోమియంతో ఊనినది, అది చెప్పులకు, సంచులకు బాగుంటుంది గానీ జడలో రబ్బరులా సాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు పేటలు తగ్గించడం. దీని అవసరం జడ ఎందుకు మోగుతుందో తెలిస్తే అర్థమవుతుంది. కర్రను ముందుకు విసిరినప్పుడు జడలో ఒక వంపు పుట్టి కొస వైపు పరుగెత్తుతుంది. లావు నుంచి సన్నానికి పోతున్నకొద్దీ మోయవలసిన బరువు తగ్గి వంపు వేగం పెరుగుతుంది. చివరికి అది సెకనుకు సుమారు 340 మీటర్లున్న శబ్దవేగాన్ని దాటినప్పుడు గాలి విచ్చుకున్న చప్పుడే మనం వినేది. 2002లో గోరియెలీ, మెక్‌మిలెన్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టి చూపినదాని ప్రకారం చప్పుడు ఆ వంపుదే, కొస కదలిక మాత్రం వంపు వేగానికి రెండింతలు ఉంటుంది. దారిలో ఎక్కడ గట్టి ఉబ్బు ఉన్నా, వదులు సందు ఉన్నా వంపు అక్కడ తన బలాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే తగ్గింపు చేతికి తెలియనంత నున్నగా ఉండాలి. ఆ చప్పుడు గాలిలోనే మోగాలి, ఎద్దు ఒంటి మీద పడకూడదు. పశువును కొట్టి హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. చప్పుడు వింటేనే అడుగు వేసే ఒంగోలు గిత్తకు దెబ్బ అవసరం ఉండదని బండి తోలినవారందరికీ తెలుసు.

ఎన్ని అంగుళాల దగ్గర తగ్గించాలని ముగ్గురు అడిగారు. నాలుగడుగుల జడలో రెండడుగుల దగ్గర ఒకసారి, మూడడుగుల దగ్గర మరోసారి అని చెప్పవచ్చు. కానీ టేపును కాక జడను చూడండి. వత్తి సన్నబడుతున్నకొద్దీ పేటలకు చోటు చాలక ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కడం మొదలవుతుంది. అలా ఎక్కిన రెండో వరుస దగ్గర ఆగండి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, రెండు పేటలను ఎంచుకోండి; రెండింటినీ ఒకే వైపు నుంచి తీస్తే జడ మెలితిరుగుతుంది. ఆ రెండింటినీ వత్తి మీద నిలువుగా పరిచి, మిగిలిన ఆరింటితో వాటి మీదుగా అల్లండి. లోపలికి పోయిన పేటలు అక్కడితో వత్తిలో భాగమైపోతాయి. అవి చేర్చే లావుకు చోటివ్వడానికి అసలు వత్తిని అక్కడికి నాలుగు వేళ్ల ముందు నుంచే సగానికి చెక్కి ఉంచాలి. పరిచిన పేటల కొసలను అడ్డంగా నరకకండి. వాటిని ఏటవాలుగా, కాగితమంత పలుచగా చెక్కి, ఒకటి రెండో దానికంటే రెండు వేళ్లు పొట్టిగా ఉండేలా వదలండి.

ఎనిమిదింటిలో పైనున్న పేట వెనుకగా తిరిగి, ఎదుటి నాలుగింటిలో రెండింటి కింద, రెండింటి పైన నడిచి తన వైపుకు వచ్చేది. ఆరింటిలో ఎదుటి మూడింటిలో ఒకదాని కింద, రెండింటి పైన నడుస్తుంది. నాలుగింటిలో ఒకదాని కింద, ఒకదాని పైన. మార్పు జరిగిన మొదటి రెండు వరుసలు మాత్రం మామూలు కంటే గట్టిగా లాగి అల్లండి.

అల్లిక పూర్తయ్యాక జడను చదునైన రాతి మీద పెట్టి, పైన పలక వేసి, ముందుకూ వెనక్కూ దొర్లించాలి. నా దగ్గర చీమకుర్తి గ్రానైటు ముక్క ఒకటుంది, దొర్లించడానికి అంత మంచిది మరొకటి చూడలేదు. తోలు కోయడానికి మాత్రం దాన్ని వాడకండి, రంపె అంచు వెంటనే పోతుంది. కోతకు వేప పలక చాలు. పిడికి నేను సాధనపు వెదురునే ఎంచుకుంటాను. లోపల గుల్ల దాదాపు ఉండదు, చేతిలో తిప్పితే బరువు సమంగా ఉంటుంది.

అభ్యాసం: కొత్త తోలు కోయవద్దు. ఉన్న పేటలతోనే ఎనిమిది నుంచి నాలుగు దాకా పూర్తి జడ అల్లి, మొత్తం విప్పి, మళ్లీ సాగదీసి మళ్లీ అల్లండి. ఇలా మూడుసార్లు చేయాలి. మూడోసారి అల్లిన జడను పది రోజులు వేలాడదీసి, కళ్లు మూసుకొని పై నుంచి కిందికి వేళ్ల మధ్య లాగండి. తగ్గించిన చోటు వేలికి దొరికితే ఆ చోటు నుంచి విప్పి మళ్లీ అల్లాలి. ఆరో పాఠానికి అర మీటరు నైలాన్ వలదారం సిద్ధంగా ఉంచుకోండి. జువ్వలదిన్నె వైపు వలలు అల్లేవారి దగ్గర దొరికే సన్న రకమే తీసుకోండి, కొస దారం దానితోనే కడతాం.