కవరు మీద తారీఖు రాశారా?

పోయిన నెల కొత్తపట్నం వైపు నుంచి ఒక రొయ్యల రైతు మా ప్లీడరు గారి దగ్గరకొచ్చాడు. చేతిలో ఎర్ర వేలిముద్రలు, గుండ్రటి సీళ్లు కొట్టిన కాగితం. పైన 'కామన్ లా కోర్టు తీర్పు' అని ఉంది, అంటే ఎవరో సొంతంగా పెట్టుకున్న ఉత్తుత్తి కోర్టు. బ్యాంకు బాకీ చెల్లదట. 30 వేలు పోసి తెచ్చుకున్నాడు. దాని కింద బ్యాంకు పంపిన కవరు చింపనైనా చింపలేదు. చింపి చూస్తే నోటీసు వచ్చి నాలుగు నెలలు. ఇంటి గోడకు స్వాధీన నోటీసు అంటించి 52 రోజులు.

ఒంగోలులో ఇరవై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేస్తున్నాను. అప్పు తీర్చలేక చెడినవాళ్లకంటే గడువు పోగొట్టుకుని చెడినవాళ్లనే ఎక్కువ చూశాను. మార్చి దగ్గరపడింది, నోటీసులు కట్టలు కట్టలుగా వస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అలాంటి కాగితాలు అమ్మేవాళ్లు వాట్సాప్ ఆడియోల్లో తిప్పే వాదన సంగతి. బ్యాంకు పెట్టెలోంచి డబ్బు తీసివ్వలేదు, ఖాతాలో అంకె వేసి పుట్టించింది, కాబట్టి అప్పే లేదంటారు. మొదటి సగం అబద్ధం కాదు. బ్యాంకు అప్పు ఇచ్చినప్పుడే కొత్త డిపాజిట్ పుడుతుందని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే 2014లో విడమరిచి రాసింది. అయితే ఏంటి? ఆ అంకెతోనేగా మేత డీలరు బాకీ తీరింది, చెరువులో రొయ్య పిల్ల పడింది!

వాళ్లు చూపించే కేసు అమెరికాది. 1968లో మిన్నెసోటాలో జెరోమ్ డేలీ అనే లాయరు 14,000 డాలర్ల తనఖా మీద ఇదే వాదించి, ఊరి స్థాయి మేజిస్ట్రేటు దగ్గర జూరీతో గెలిచాడు. అంతవరకే ఆడియోలో ఉంటుంది. ఆ కోర్టుకు అధికారమే లేదని తీర్పు రద్దయింది. 1971లో ఆయన లాయరు పట్టా కూడా పోయింది. కెనడాలో 2012లో రూక్ అనే జడ్జి, మీడ్స్ అనే కేసులో ఇలాంటి వాదనలన్నిటినీ ఏకరువు పెట్టి కొట్టేశారు.

మన దగ్గర నడిచేది 2002 నాటి సర్ఫేసీ చట్టం, బాకీ కట్టకపోతే కోర్టుకు పోకుండానే బ్యాంకు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం. బాకీ కట్టమని పంపే 13(2) నోటీసు తారీఖు నుంచి 60 రోజులు. ఆలోపు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. కట్టిన వాయిదా జమ కాలేదా, వడ్డీ లెక్క తప్పిందా, సాగుభూమిని కలిపేశారా? రాయాల్సినవి అవీ. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు, కానీ పాసుబుక్కులో ఉంటే చాలదు, అక్కడ నిజంగా సాగు ఉందా అని చూస్తారు. స్వాధీనానికి దిగితే డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు, పోవడానికి 45 రోజులు. మామూలు సివిల్ కోర్టు కూడా ఇందులో వేలు పెట్టదు, 34వ సెక్షన్ అడ్డం. ఇక ఎవరో అద్దె గదిలో పెట్టుకున్న కోర్టా?

కవరు అందిన రోజే దాని మీద తారీఖు రాయండి. గోడకు అంటించినా ఫోటో తీసి తారీఖు రాయండి. రిజిస్టర్ పోస్టు వద్దని తిప్పి పంపొద్దు, తిప్పి పంపినా అందినట్టే లెక్క. ఒరిజినల్ దస్తావేజులు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. ఖాళీ చెక్కు అసలే వద్దు. హామీ సంతకం పెట్టిన బావమరిదికి ఇవాళే చెప్పండి, ఆయనకూ కవరు వస్తుంది. ఒకేసారి కట్టి తేల్చుకుంటామంటే మేనేజరు నోటిమాట కాదు, బ్యాంకు ఉత్తరం తీసుకోండి. వేలం ప్రకటన పేపర్లో పడేదాకా కూర్చోవద్దు. అది పడ్డాక బాకీ కట్టి విడిపించుకునే హక్కు ఉండదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. తారీఖు రాశారా? రాయండి.

ఆ రైతుది ఏడు రోజుల ఆలస్యం. మన్నించమని పిటిషన్ టైపు చేస్తున్నాం. ఆలస్యానికి కారణం అన్నచోట ఏం రాయాలో ఇంకా తేలలేదు.