కాలు తీసేసిన కుక్కకు కీమోథెరపీ: ఇంట్లో పెట్టుకోవలసిన 21 రోజుల లెక్క

ఎముక క్యాన్సర్ వల్ల కాలు తీసేసిన కుక్కను ఇంటికి తెచ్చుకున్న తొలి రోజుల్లో ఇంటిల్లిపాది చూపూ ఆ లేని కాలి మీదే ఉంటుంది. కుక్క మాత్రం కొద్ది రోజుల్లోనే లేచి, గోడ వారగా గెంతుకుంటూ తన గిన్నె దగ్గరికి వెళ్లిపోతుంది. మన శ్రద్ధ ఎక్కువ అవసరమయ్యేది ఆ తర్వాత, కుట్లు విప్పే సమయానికి మొదలయ్యే కీమోథెరపీలోనే. ఇంజెక్షన్ పడి ఈ రోజుకు ఎన్నో రోజు అన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే మూడో రోజు నీరసానికీ పన్నెండో రోజు నీరసానికీ అర్థం ఒకటి కాదు. మా జర్మన్ షెపర్డ్ టైగర్‌కు ఎడమ వెనక కాలు తీసేశాక మేము ఈ సంగతి కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాము.

కుక్కల ఎముకల్లోనే పుట్టే క్యాన్సర్లలో దాదాపు 85 శాతం ఆస్టియోసార్కోమా. కాలు తీసేనాటికి ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా, నూటికి తొంభై కుక్కల్లో కంటికి అందని కణాలు అప్పటికే ఊపిరితిత్తులకో మరో చోటికో చేరి ఉంటాయని వైద్యశాస్త్రం చెబుతోంది. అందువల్ల శస్త్రచికిత్సతో ఆగిపోతే సగటున నాలుగైదు నెలలు, కీమో తోడైతే సుమారు పది నుంచి పన్నెండు నెలలు బతుకుతాయి. జబ్బును పూర్తిగా నయం చేయడం కంటే, నొప్పి లేని నెలలను పెంచడమే ఇక్కడ లక్ష్యం. మోతాదును కూడా ఆ లక్ష్యానికి తగ్గట్టే నిర్ణయిస్తారు కాబట్టి, మనుషుల వార్డుల్లో చూసినంత బాధను కుక్కల్లో సాధారణంగా చూడము. జుట్టు కూడా చాలా జాతులకు ఊడదు. మూతి మీసాలు రాలవచ్చు, పూడుల్ వంటి జాతులకు బొచ్చు పలచబడవచ్చు.

ఎక్కువగా వాడే మందు కార్బోప్లాటిన్. దీన్ని మూడు వారాలకొకసారి, నాలుగు నుంచి ఆరు సార్లు, రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మోతాదును శరీర వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు సుమారు 300 మిల్లీగ్రాముల చొప్పున లెక్కగడతారు. 30 కిలోల కుక్క వైశాల్యం చదరపు మీటరుకు కొంచెం తక్కువ. కాలు పోయినందువల్ల బరువు తగ్గి ఉంటుంది కాబట్టి, పాత చీటీలోని బరువు చెప్పి సరిపెట్టకుండా ప్రతిసారీ తూచమని అడగాలి. ఈ మందు చాలావరకు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, కనుక రక్తకణాల పరీక్షతో పాటు, వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించాలి.

మొదటి ఇంజెక్షన్‌కు ముందే గోమార్ల జ్వరానికి పరీక్ష చేయించడం విశాఖలో చాలా ముఖ్యమని నా అభిప్రాయం. మన తేమ వాతావరణంలో గోమార్లకు కొదవ లేదు. అవి అంటించే ఎర్లీకియా అనే సూక్ష్మక్రిమి కూడా, కీమో లాగే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. ముందుగా చూసుకోకపోతే, పడిపోయిన లెక్కకు మందు కారణమో గోమారు కారణమో తేల్చుకోవడం వైద్యుడికి కూడా కష్టమవుతుంది.

ఇంజెక్షన్ ఇచ్చిన రోజును సున్నాగా రాసుకుని, క్యాలెండరులో మూడు వారాలకూ అంకెలు వేసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాలి. మొదటి మూడు రోజులు మూత్రం, మలం, వాంతి అన్నింటిలోనూ మందు అవశేషాలు ఉంటాయి. వాటిని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, కుక్క పరుపుగుడ్డలను విడిగా ఉతకాలి, గర్భిణులనూ చిన్నపిల్లలనూ ఆ పనికి దూరంగా ఉంచాలి. అపార్ట్‌మెంట్ మెట్లు కడిగే ఆవిడకూ ఇంట్లో తడిగుడ్డ పెట్టే ఆవిడకూ ఈ మాట విడమరిచి చెప్పాలి. చెబితే పని మానేస్తుందేమోనన్న భయంతో దాచడం అన్యాయం. ఆ మూడు రోజులూ ఆ పని మనమే చేసుకుంటే సరిపోతుంది.

రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వాంతులు, విరేచనాలు, తిండి మీద అయిష్టం కనిపించవచ్చు. వాంతులు ఆపే మారోపిటెంట్ వంటి మందును వైద్యుడు ముందే రాసిస్తాడు. దాన్ని వాంతి మొదలయ్యాక వెతుక్కోవడం కాక, ఇంజెక్షన్ రోజునే ఇంట్లో ఉంచుకోవాలి. తిండి విషయంలో ఓపిక కావాలి. మెత్తగా ఉడికిన అన్నంలో ఎముకలు తీసేసిన చికెన్ కలిపి గోరువెచ్చగా పెడితే వాసన లేచి కుక్క మూతి కదుపుతుంది. టైగర్ గిన్నె ముందు నుంచి తల తిప్పుకున్న రోజున, ఉడికించిన వంజరం ముక్కను ముల్లు తీసి, వేలి మీద కొంచెం మెదిపి ముక్కు దగ్గర పెడితే, ముందు వేలిని నాకి, ఆ తర్వాత గిన్నెలోకి చూసింది. ఎండుచేపల వాసనకు ఇంకా తొందరగా లేస్తుంది గానీ అందులోని ఉప్పు మంచిది కాదు. కూరలోని ముక్క కడిగి పెడదామనుకోవద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చి మాంసం కూడా ఈ నెలల్లో వద్దు. అయితే తింటోంది కదా అని సంతోషంతో ఎక్కువ పెట్టినా ముప్పే, ఎందుకంటే పెరిగిన ప్రతి కిలోనూ మోయవలసింది మిగిలిన మూడు కాళ్లే.

ఏడో రోజు నుంచి పధ్నాలుగో రోజు వరకు కుక్క చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు బాగా తగ్గేది సాధారణంగా ఈ రోజుల్లోనే. వీధికుక్కలతో ముక్కు కలపనివ్వకుండా, బీచ్‌లో వలల దగ్గర పడి ఉన్న చేపల వ్యర్థాలను ముట్టనివ్వకుండా కాపాడాలి. ఉదయం, సాయంత్రం మలద్వారంలో డిజిటల్ థర్మామీటర్‌తో జ్వరం చూసి రాయాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే; 103 దాటితే మాత్రం అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. మే నెలలో ఒక పన్నెండో రోజున టైగర్ లేవకపోతే, ఎండకు వాడిపోయిందిలే అని సాయంత్రం దాకా ఊరుకున్నాను. థర్మామీటర్ పెట్టేసరికి 104 దాటి ఉంది, మూడు రోజులు సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్స్ ఎక్కించవలసి వచ్చింది. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ గానీ ఐబుప్రొఫెన్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. రాత్రిపూట చూసే వైద్యుడెవరో, కుక్కను ఎక్కించుకునే ఆటో ఎవరిదో ముందే మాట్లాడుకుని ఫోన్ నంబర్లను ఆ క్యాలెండరు పక్కనే రాసుకోవాలి, ఎందుకంటే జబ్బు కుక్కను చూసి వద్దనే ఆటోవాళ్లే ఎక్కువ.

ఇక నడక సంగతి. మన ఇళ్లలోని నున్నటి టైల్స్ మూడు కాళ్ల కుక్కకు మొదటి శత్రువు. మంచం నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి గుమ్మం దాకా రబ్బరు మ్యాట్లు వరుసగా పరవాలి. గోళ్లు కత్తిరించి, పాదాల మధ్య పెరిగిన బొచ్చును తీసేయాలి. మెట్ల దగ్గర పాత తుండుగుడ్డను పొట్ట కింద నుంచి తీసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే చాలు, పూర్తిగా ఎత్తవలసిన పని లేదు. ముందు కాలు పోయిన కుక్కకు ఇంకొంచెం ఎక్కువ సాయం కావాలి, ఎందుకంటే నిలబడినప్పుడు బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది. ఎండ లేని వేళల్లో ఐదు పది నిమిషాల చొప్పున తిప్పి, రోజులో రెండు మూడు సార్లు అలాగే చేయడం ఒక్కసారి దూరం నడిపించడం కంటే మేలు. ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లినా పొడి ఇసుకలోకి దింపవద్దు. కూరుకుపోయే ఇసుకలో ఒంటి కాలితో తోసుకోవడం ఎంత శ్రమో రెండు నిమిషాల్లోనే దాని రొప్పు చెబుతుంది.

ఇరవై ఒకటో రోజున మళ్లీ రక్తపరీక్ష. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 1,500 కంటే తక్కువగా ఉంటే వైద్యులు సాధారణంగా ఇంజెక్షన్‌ను ఒక వారం వాయిదా వేస్తారు. దానికి కంగారు పడి, ఈసారికి ఇచ్చేయండని ఒత్తిడి చేయకూడదు. ఎన్నో రోజున వాంతి అయింది, ఎంత తిన్నది, జ్వరం ఎంత అన్న పుస్తకాన్ని ఆయన ముందు పెడితే తర్వాతి మోతాదును తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది నిర్ణయించడం తేలికవుతుంది.

చివరి ఇంజెక్షన్ అయ్యాక రెండు మూడు నెలలకొకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. అప్పటికి పుస్తకంలో జ్వరం గడి అక్కర్లేదు. మా పుస్తకంలో అక్కడి నుంచి రెండే గడులు ఉన్నాయి: దగ్గు ఉందా, మిగిలిన మూడు కాళ్లలో దేన్నైనా ఎత్తి పెడుతోందా. ఈ రెండింట్లో ఒకదానికి అవునని రాయవలసి వచ్చిన రోజున, తర్వాతి ఎక్స్‌రే తేదీ దాకా ఆగకుండా వెళ్లి చూపించాలి.