ఇరుకు కళ్లంలోకి ట్రాక్టర్ తొట్టిని వెనక్కి పెట్టడం

నరసన్నపేట వైపైనా, చీపురుపల్లి వైపైనా వరి కోతలప్పుడు ఈ తిప్పలు తప్పవు. రెండు చక్రాల తొట్టికి ఇలా చేయండి.

ముందు కళ్లం దాటి వెళ్లి, ట్రాక్టరూ తొట్టీ ఒకే గీతలోకి వచ్చాక ఆపండి. రెండు బ్రేకు పెడళ్లూ కలిసి పనిచేసేలా వాటిని కలిపి లాక్ వేయండి. విడిగా ఉంటే ఒక చక్రమే పట్టి బండి గట్టుమీంచి జారిపోతుంది. లో రివర్స్ గేరు, తక్కువ యాక్సిలరేటర్ చాలు.

స్టీరింగ్‌ని అడుగున, గడియారంలో ఆరు అంకె ఉండేచోట ఒక్క చేత్తో పట్టుకోండి. చెయ్యి ఎడమకి జరిపితే తొట్టి వెనకభాగం ఎడమకే పోతుంది. తొట్టి చక్రం కళ్లం మూలకి వచ్చాకే తిప్పడం మొదలుపెట్టండి. తొట్టి తిరగడం మొదలవగానే స్టీరింగ్ వెనక్కి తిప్పేసి దాని వెంటే పోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే, స్టీరింగ్‌ని ఆలస్యంగా వెనక్కి తిప్పుతారు. అప్పుడు ట్రాక్టరూ తొట్టీ మధ్యలో మడతపడతాయి. వెనక టైరుకీ తొట్టి ముందుభాగానికీ మధ్య జానెడే మిగిలితే వెంటనే ఆగి, పది అడుగులు ముందుకి లాగి సరిచేసుకోండి. మొండిగా నెడితే టైరు పక్కగోడ చిరుగుతుంది, లేదా డ్రాబార్ (తొట్టిని ట్రాక్టరుకి కలిపే కడ్డీ) వంగుతుంది.

దారి చూపే మనిషి మీకు కనబడేలా పక్కన నిలబడాలి. తొట్టికీ గోడకీ మధ్య ఎవర్నీ ఉండనివ్వకండి, పిల్లల్ని అసలే వద్దు.